చురుకు కోసేసిన దారి

ముందే చెప్పేస్తున్నాను, చురుకుని రాసింది నేనే. మెచ్చుకోళ్ళు వచ్చినన్నాళ్ళూ ఫొటోలకి నిలబడి, ఇప్పుడు దాని సంగతి చెప్పాల్సొస్తే మొహం చాటెయ్యడం నా వల్ల కాదు. నా పేరు మైలపల్లి నూకరత్నం. భీమిలి దగ్గర తీర గణన కేంద్రంలో కంపైలర్ల విభాగానికి పెద్దని. నా నోరు మంచిది కాదని ఆఫీసులో పేరుంది. పని మంచిదని కూడా పేరుంది, ఆ మాట నేనంటే గిట్టనివాళ్ళు కూడా చెబుతారు.

మా కేంద్రం చేసే పని ఒక్కటే. బంగాళాఖాతాన్ని అరకిలోమీటరు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి ఎంత, తేమ ఎంత, నీళ్ళ వేడి ఎంత అని లెక్కగట్టి, రేపు పొద్దుటిదాకా వాతావరణం ఎలా ఉంటుందో ఇవాళే చెప్పడం. దానికి రెండువేల కంప్యూటర్లని జోడించిన క్లస్టరు ఉంది. లెక్కల ప్రోగ్రాము శాస్త్రవేత్తలు రాస్తారు. వాళ్ళు రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే మాటల్లోకి మార్చేది కంపైలర్. బయటివాళ్ళెవరూ దాని గురించి అడగరు. పెళ్ళిలో పప్పు బాగుంటే వంటవాణ్ణి పొగుడుతారు గాని, పొయ్యి పెట్టినవాణ్ణి ఎవరు అడిగారు? అవే యంత్రాలు, అదే ప్రోగ్రాము ఉంచి, కంపైలర్ ఒక్కటి మార్చి చూడండి. ఆరు గంటల పని నాలుగు గంటల్లో అవుతుంది, ఎనిమిదైనా అవుతుంది.

మా పాత కంపైలర్‌ని ముసలాడు అనేవాళ్ళం. ముసలాడితో ఒక్కరోజు అంచనాకి ఆరు గంటలు పట్టేది. అంచనా చేతికొచ్చేసరికి రోజులో పావువంతు గడిచిపోయేది. రెండువేల నలభై దాటాక సముద్రం మరీ వేడెక్కి, తుపాన్లు నెలా పక్షమూ చూసుకోకుండా వస్తున్న రోజులివి. ఆరు గంటలు ఆగేంత తీరిక ఎవరికుంది?

చురుకు వేరే రకం. ఒకసారి మార్చేసి చేతులు దులుపుకోదు. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ పక్కనుండి చూస్తుంది. ఇలా ఉంటే ఈ దారిన వెళ్ళు, అలా ఉంటే ఆ దారిన వెళ్ళు అనే చోట్లు ఆ ప్రోగ్రాములో వేలకొద్దీ ఉంటాయి. ప్రతి గడిలోనూ యంత్రం అక్కడ ఆగి చూసుకోవాలి. నలభయ్యేళ్ళ పాత వాతావరణమంతా చురుకు ముందు పోశాను. ఏ దారి వాడుకలో ఉందో, ఏది లేదో అది నేర్చుకుంది. ఎన్నడూ వాడని దారుల్ని కోసేసి, మిగిలినదాన్ని ఆగకుండా పరిగెత్తేలా తనే తిరగరాసింది. ఆరు గంటలు కాస్తా యాభై ఎనిమిది నిమిషాలైంది.

"గంటలోపు వచ్చేసింది కదమ్మా, ఇంక చాలు," అన్నారు మా డైరెక్టర్ భానోజీరావు గారు.

చాలు అనే మాట నాకు పడదు. కోసేసిన ప్రతి దారి దగ్గరా చురుకు ఒక కాపలా పెట్టేది. పొరపాటున ఎప్పుడైనా ఆ దారి అవసరం పడితే ఆపి, అసలు ప్రోగ్రాములోకి మళ్ళించడానికి. అలాంటి కాపలాలు పద్నాలుగు వేలు. పది నెలలు నడిపి చూస్తే వాటిలో ఒక్కదానికీ పని పడలేదు. పనిలేని కాపలావాడికి కుర్చీ ఎందుకని అన్నిటినీ తీసేశాను. సరిగ్గా యాభై నిమిషాలైంది.

మా దగ్గరొక ఆనవాయితీ ఉంది. కొత్త కంపైలర్ ఏదొచ్చినా డెబ్బై ఒక్క తుపాన్ల పరీక్ష దాటాలి. ఈ నలభయ్యేళ్ళలో మన తీరానికొచ్చిన డెబ్బై ఒక్క తుపాన్లనీ మళ్ళీ లెక్కగట్టించి, ముసలాడు చెప్పినదానితో సరిపోల్చాలి. డెబ్బై ఒకటికి డెబ్బై ఒకటీ సరిపోయాయి. ఆ రోజు ఆఫీసంతటికీ మాడుగుల హల్వా పంచాను. ఆ పరీక్షలో ఉన్న తిరకాసు నాకు తట్టలేదు, హల్వా తిన్న నలభైమందిలో ఎవరికీ తట్టలేదు.

ఎనిమిది నెలలు చురుకు ఒక్క మాట తప్పలేదు. తీరమంతా దాని మాట మీద నడిచింది. మాది గంగమ్మపేట, వేట మీద బతికే ఊరు. మా ఊళ్ళో చురుకు అనే పేరు ఎవరూ అనరు, 'అప్ప మాట' అంటారు. నా తమ్ముడు పోలిరాజు బోటు నడుపుతాడు. వాడికి నేను అప్పని, అంటే అక్కని, కాబట్టి ఊరందరికీ అప్పనైపోయాను.

జూన్ పద్నాలుగున, అంటే అరవై ఒక్క రోజుల వేట నిషేధం ఆ రాత్రితో తీరుతుందనగా, పోలి మా ఇంటికొచ్చాడు. చేతులకి ఇంజనాయిల్ మరకలు. నెత్తళ్ళ చేపల పులుసు పెడితే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

"ఐసు ఎక్కించీసినాం. వలలు కొత్తవి. ఏటప్పా, సముద్రం ఎలాగుంటాదంట?"

"రేపటికి బాగానే ఉంటుంది. నడిమధ్యన ఒక అల్పపీడనం ఉంది. ఈశాన్యంగా పోయి నీరసపడిపోతుంది. రోజూ పొద్దున్నే చెబుతాను కదా, వింటూ ఉండు."

"నువ్వు సెప్తే సాలు, ఎల్లిపోతాం."

"తప్పు చెబితే?" అన్నాను, ఊరికే వాణ్ణి ఉడికించడానికి.

వాడు పకపకా నవ్వాడు. "నువ్వా? నీ జనమలో తప్పు సేసినానని ఒప్పుకున్నావా? నాన్న గడియారం నువ్వే పగలగొట్టి, పిల్లి తోసీసినాదని ఇప్పటికీ అంతన్నావ్. మన ఇంట్లో పిల్లే నేదు."

"పక్కింటి పిల్లి," అన్నాను.

"అద్గదీ," అన్నాడు పోలి, చెయ్యి కడుక్కుంటూ.

పదిహేనో తేదీ తెల్లారగట్ల నూట పన్నెండు బోట్లు, ఏరు సముద్రంలో కలిసే మా మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాయి. ఒక్కో బోటులో ఐదుగురో ఆరుగురో. మొత్తం ఆరొందల చిల్లర మనుషులు.

పదిహేడో తేదీ ఉదయం ఏడింటికి చురుకు అంచనా బయటికి వెళ్ళింది. అల్పపీడనం ఈశాన్యంగా పోతోంది, రేపు పొద్దుటిదాకా వేటకి ఇబ్బంది లేదు. ఎనిమిదిన్నరకి నేను ఇడ్లీ తింటుంటే సుగుణ వచ్చి నిలబడింది. బిడ్డిక సుగుణ, సీతంపేట కొండల పిల్ల, వాతావరణ శాస్త్రంలో చేరి రెండేళ్ళయింది. నెమ్మదిగా మాట్లాడుతుంది గాని వెనక్కి తగ్గదు.

"మేడం, ఇదొక్కసారి చూస్తారా?"

ట్యాబులో ఒక పటం. సముద్రం మీంచి గాలిలోకి ఎంత తేమ ఎక్కుతోందో చూపించే పటం. అంతటా రంగులు మారుతున్నాయి, మన తీరానికి నూట యాభై మైళ్ళ అవతల మాత్రం జిల్లా అంత మేర ఒకటే రంగు.

"ఈ మచ్చలో ప్రతి గడిలోనూ ఒకే అంకె వస్తోంది మేడం. దశాంశాలతో సహా. నీళ్ళ వేడి చూస్తే ఒకచోట ముప్పైమూడున్నర, ఒకచోట ముప్పైనాలుగు ఉంది. నీళ్ళు అంత వేడెక్కితే తేమ పెరగాలి కదా?"

ఇక్కడ నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు చెప్పాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు వాదించాను. సముద్రంలో తేలుతున్న కొలత పరికరాలు చెడిపోయి ఉంటాయన్నాను. సుగుణ వెళ్ళి చూసి వచ్చింది. తొమ్మిది పరికరాలు ఒకేసారి ఎలా చెడిపోతాయి మేడం అంది. ఉపగ్రహం కొలత తప్పేమో అన్నాను. అదీ చూసి వచ్చింది. నీ పటం గీసే ప్రోగ్రాములోనే తప్పుంది, ముందు అది సరిచేసుకుని రా అన్నాను. నేను చురుకుని రాయడం మొదలుపెట్టేనాటికి నువ్వు ఇంటర్ చదువుతున్నావని కూడా అన్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది, అయినా మళ్ళీ వెళ్ళింది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, నాకు నా పిల్లలో వంక కనిపించలేదు, చూడాలని కూడా అనిపించలేదు.

తొమ్మిదీ పదికి సుగుణ నాలుగోసారి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. సముద్రానికీ గాలికీ మధ్య లెక్క ఒక్కటే విడిగా తీసి, ముసలాడితో కంపైల్ చేసి, తన బల్ల మీది కంప్యూటర్లోనే నడిపి తెచ్చింది. ముప్పైమూడు డిగ్రీల దాకా ఇద్దరూ ఒకటే చెప్పారు. ముప్పైమూడు దాటగానే ముసలాడి అంకె నిటారుగా లేచింది. చురుకు అంకె ఉన్నచోటే ఉండిపోయింది.

ఇడ్లీ పళ్ళెం పక్కకి తోసి ఆ లెక్క ఉన్న ఫైలు తెరిచాను. ఎప్పుడో పాతికేళ్ళ కిందట ఎవరో పెద్దమనిషి రాసిన వాక్యం అందులో ఉంది. నీళ్ళ వేడి ముప్పైమూడు దాటితే ఈ రెండో లెక్క వాడు. ఆయన రాసినప్పుడు నడిసముద్రం ఇంత మేర అంత వేడెక్కడం ఎవరూ చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు. ఇక చురుకు కోసేసిన దారుల జాబితా తీశాను. పద్నాలుగు వేల వరసల జాబితా, ఎనిమిది నెలలుగా నా డిస్కులోనే ఉంది, నేను చదివినది లేదు. ఆ దారి పక్కన రాసి ఉంది. వాడకం సున్నా, తీసివేయబడినది.

చురుకు తప్పేమీ చెయ్యలేదు. ఇన్నాళ్ళూ జరగలేదు కాబట్టి ఇక జరగదనుకుంది. అలా అనుకోమని నేర్పింది నేను. జరిగితే ఆపడానికి ఉన్న కాపలాని తీసేసిందీ నేనే. పరీక్షలో ఎందుకు దొరకలేదంటే, పాఠం చెప్పిన పుస్తకంలోంచే పరీక్ష పెట్టాం. డెబ్బై ఒక్క తుపాన్లూ చురుకు అప్పటికే చూసేసినవి. నూట పన్నెండు బోట్లు సముద్రం మీదున్నాయి, అందులో ఒకటి నా తమ్ముడిది.

"మొత్తం ముసలాడితో కంపైల్ చేసి నడుపుదామా మేడం?" అంది సుగుణ.

"సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసేసరికి ఒంటిగంట దాటుతుంది. బోట్లు యాభై అయిదు మైళ్ళ దూరంలో ఉన్నాయి, రావడానికి ఎనిమిది గంటలు పడుతుంది. కుదరదు."

"మరి?"

"ఎనిమిదొందల ఫైళ్ళలో ఈ ఒక్క ఫైలూ ముసలాడి చేతికిద్దాం. మిగతావి చురుకువే. రెండూ కలిపి అతికిద్దాం."

"అలా రెండు కంపైలర్లవి కలపకూడదని మీరే రూలు పెట్టారు మేడం."

"పెట్టినదాన్నే తీసేస్తున్నాను, రా."

నా పని మీద నాకు నమ్మకం ఎప్పుడూ తగ్గదు, ఆ అరగంటలోనూ తగ్గలేదు. రెండు కంపైలర్లు అంకెల్ని పక్కపక్కన పేర్చే తీరు వేరు. ఆ రెంటికీ మధ్య సర్దుబాటు రాయాలి. మామూలుగా రెండు రోజుల పని. నేను రాస్తుంటే సుగుణ ప్రతి వరసా గట్టిగా చదివి, ఒకచోట నేను తలకిందులు చేసినదాన్ని పట్టుకుంది. తొమ్మిదీ నలభై అయిదుకి క్లస్టరు మీద ఉన్న పనులన్నీ ఆపించి, దీన్ని ఎక్కించాం.

రాబోయే ఒక్కో గంట ఫలితం తెర మీదికి వస్తుంటే ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట లెక్క వచ్చేసరికి అల్పపీడనం చుట్టూ గాలి బిగుసుకుంది. మూడింటి లెక్కలో మధ్యన కన్ను తెరుచుకుంది. అప్పటికే అది ఈశాన్యం వదిలేసి పడమరకి తిరిగింది, అయిదింటికల్లా తీరానికి దగ్గరపడింది. ఏడింటి లెక్క వచ్చినప్పుడు సుగుణ కుర్చీలోంచి లేచి నిలబడింది. గంటకి నూట యాభై కిలోమీటర్ల గాలి, సరిగ్గా మా మొగ మీద. గడియారంలో అప్పటికి పదిన్నర.

భానోజీరావు గారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాం. ఆయన ఉపగ్రహం బొమ్మ తీసి చూశారు. అందులో అప్పటికి అది మామూలు మబ్బు ముద్దే.

"పొద్దున్న ఏడింటికి ఒక మాట, పదిన్నరకి ఇంకో మాట. రేపట్నుంచి మనల్ని ఎవరు నమ్ముతారమ్మా? పైగా ఇది మీరు పరీక్షించని అతుకుల బొంత. మొత్తం ఫలితం వచ్చేదాకానైనా ఆగుదాం."

"రేపు నమ్మాలంటే వాళ్ళు ఇవాళ బతికుండాలి కదండీ," అన్నాను. "పొద్దున్న చెప్పింది తప్పు. తప్పు నాదని రాతలో ఇస్తాను. హెచ్చరిక పంపండి."

ఇరవయ్యేళ్ళలో నా నోట ఆ మాట ఆయన విన్నది లేదు. ఫోన్ తీసి హెచ్చరిక పంపించారు, పదీ నలభై అయిదుకి.

బోట్లలో శాటిలైట్ సెట్లు ఉంటాయి, హెచ్చరిక అందరికీ వెళ్ళింది. పావుగంట చూశాను. తెర మీద నూట పన్నెండు చుక్కలూ కదల్లేదు. వాళ్ళనేమనగలం? అరవై ఒక్క రోజులు ఒడ్డున కూర్చుని వెళ్ళినవాళ్ళు. వలలు నీళ్ళలో ఉన్నాయి. ఆకాశం నిర్మలంగా ఉంది. ఎనిమిది నెలలుగా తప్పని చురుకు పొద్దున్నే పరవాలేదంది. అది అంత బాగా పనిచెయ్యడమే ఇప్పుడు అడ్డమొచ్చింది. మైకు తీసుకుని అన్ని బోట్లకీ వినపడే చానల్లో పోలిని పిలిచాను.

"పోలీ, నేను. వెనక్కి వచ్చెయ్యండి."

"అప్పా, మీ ఆఫీసోలకి మతి పోయినాదేటి? పొద్దున్న యాటకి ఇబ్బంది నేదన్నారు, ఇప్పుడు ఎనక్కి రమ్మంతన్నారు. కోనాం సేపలు పడతన్నాయి. సాయంత్రం వలలు లాగి బయల్దేరతాం."

"సాయంత్రం దాకా వద్దు. వలలు కోసేసి ఇప్పుడే బయల్దేరు."

"కొత్త వలలు కొయ్యమంతన్నావా? చురుకు పొద్దున్న సెప్పినాది కదా."

"చురుకు చెప్పింది తప్పు."

"అదెలాగ తప్పుతాది? నువ్వు సేసినదే కదా."

మా ఊరంతా వింటోంది. నన్ను చూసి ఆడపిల్లల్ని ఇంజనీరింగుకి పంపిన ఊరు.

"నేనే తప్పు చేశాను, పోలీ. ఉండాల్సినదాన్ని తీసేశాను. తప్పు చురుకుది కాదు, నాది."

"మల్లీ సెప్పు," అన్నాడు వాడు, గొంతు మారిపోయింది.

"నేను తప్పు చేశాను."

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. చానల్లోనే తన బోటులోని కళాసీల మీద అరిచాడు. "వలలు కొయ్యండ్రా. మా అప్ప తప్పొప్పుకున్నాది. ఇంకిక్కడ ఒక్క నిమసం ఉండకూడదు." అవతల బోట్లలోంచి ఒక్కొక్కరే అందుకున్నారు. పదకొండూ పదికల్లా చుక్కలన్నీ పడమరకి తిరిగాయి. సుగుణ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. నేను ఏడవలేదు, నాకు లెక్క తెలుసు కాబట్టి. ఎనిమిది గంటల ప్రయాణం. ఏడింటికి తుపాను. పది నిమిషాలు తక్కువ పడుతున్నాయి.

నాలుగింటికి గాలి మొదలైంది. నేనూ సుగుణా మొగ దగ్గరికి వెళ్ళేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. నన్ను చూసి దారిచ్చారు. అయిదున్నర నుంచి బోట్లు ఒకటొకటే లోపలికి రావడం మొదలుపెట్టాయి. గట్టి ఇంజన్లున్నవి ముందొచ్చాయి. ఆడవాళ్ళు బోటు నంబర్లు గట్టిగా చదువుతున్నారు. ఆరున్నరకి అలలు మొగ గోడల్ని దాటిపోతున్నాయి. పోలి బోటు ఇంకా రాలేదు. నేను దేవుడికి మొక్కుకోవడం మానేసి ఇరవయ్యేళ్ళయింది. ఆ గంట గంగమ్మకి మొక్కినట్టు ఎప్పుడూ ఎవరికీ మొక్కలేదు.

పోలి ఏడూ పదికి వచ్చాడు, అందరికన్నా ఆఖరున. వాడి బోటులో అయిదుగురుండాలి, తొమ్మిదిమంది దిగారు. చోడిపల్లి ఎర్రన్న బోటు దారిలో తిరగబడింది. ముసలి ఇంజను, వెనకబడిపోయింది. ఎర్రన్నని ఒంటరిగా వదల్లేక పోలి పక్కనే నడిపించుకొస్తున్నాడట. బోటు తిరగబడ్డాక నలుగురు కళాసీల్ని తాడేసి లాగాడు. చుక్కాని దగ్గరున్న ఎర్రన్న దొరకలేదు.

"ఆరున్నరకి అప్పా," అన్నాడు పోలి, నా భుజం పట్టుకుని. ఒళ్ళంతా ఉప్పునీళ్ళు, వణుకుతున్నాడు. "మొగ కనబడతన్నాది. ఇంకో అరగంట ఉంటే వొచ్చీసేవోడు."

వాణ్ణి కావలించుకున్నాను. నా తమ్ముడు బతికొచ్చాడని సంతోషం పట్టలేకపోయాను, ఆ మాట దాచను. ఆ సంతోషంలోనే నా బుర్ర తన పని తను చేసేసింది. సుగుణ మొదటిసారి నా దగ్గరికొచ్చింది ఎనిమిదిన్నరకి. నేను ఫైలు తెరిచింది తొమ్మిదీ పదికి. మధ్యలో నలభై నిమిషాలు. ఎర్రన్నకి కావలసింది ముప్పై.

ఆ తర్వాత విచారణ కమిటీ వచ్చింది. అతుకుల బొంత ఆరొందలమందిని బతికించిందని రాశారు. భానోజీరావు గారు నా పేరు పతకానికి పంపుతానన్నారు. పతకం సంగతి తర్వాత, ముందు నివేదికలో ఆ నలభై నిమిషాలు రాయండి అన్నాను. అవసరమా అమ్మా, ఎవరూ అడగలేదు కదా అన్నారు. అడగలేదని నేను చెప్పకుండా ఉంటే ఎర్రన్న ఎందుకు పోయాడో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. చివరికి రాశారు, పదమూడో పేజీలో.

పదమూడో పేజీ ఎర్రన్న భార్య గౌరమ్మ చదవదు. ఎర్రన్న పెద్దకర్మ అయిన మర్నాడు, ఆదివారం, వాళ్ళింటికి వెళ్ళాను. సుగుణ కూడా వచ్చింది, నేను రమ్మనలేదు. గౌరమ్మ వాకిట్లో ఎండుచేపలు ఏరుతోంది. పీట వెయ్యమని కోడలికి చెప్పింది. నేను కూర్చోలేదు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదీ పదిదాకా ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఈ పిల్ల నిజం చెబుతుంటే నేను వాదించానని చెప్పాను. ఆ వాదన లేకపోతే మీ ఆయన ఇంటికొచ్చేవాడని చెప్పాను.

గౌరమ్మ చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ మిసను ఇప్పుడు నడపతన్నారా?" అంది.

"లేదమ్మా. ఆపేశాం. పాతదానితో నడుపుతున్నాం."

"పాతదానికెంతసేపు పడతాది?"

"ఆరు గంటలు."

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చూపు మాత్రం గట్టిగా ఉంది.

"బాదపడ్డానికి మా ఇంటికి రానక్కర్నేదు, మీ ఇంట్లో పడొచ్చు. మా రెండోవోడు బేస్తారం యాటకి ఎల్తన్నాడు. ఒద్దంటే తిండెలాగ? ఆరు గంటలు నాకు సాలవు. బేస్తారంనోగా దాన్ని బాగుసెయ్యి. బాగయినాదని నువ్వు సెప్తేనే ఆణ్ణి పంపుతాను."

"నేను చెబితేనా?" అన్నాను.

"తప్పు సేసినదానివి నువ్వే కదా. ఇంకెవలు సెప్తారు?" అని, మళ్ళీ చేపలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ మూడు రోజులూ నేనూ సుగుణా పద్నాలుగు వేల దారులూ ఒక్కొక్కటే చదివాం. కాపలాలన్నీ తిరిగి పెట్టాం. తుపాన్ల పరీక్షకి ఇన్నాళ్ళూ వచ్చినవి వదిలేసి, ఇంతవరకూ రానివి సుగుణ చేత ఊహించి రాయించాను. ముప్పైఆరు డిగ్రీల సముద్రం, వెనక్కి నడిచే తుపాను, ఒకదాన్నొకటి మింగే రెండు తుపాన్లు. ముసలాడు రెండు రోజుల పాటు లెక్కగట్టినవాటిని చురుకు ఒక్కొక్కటీ గంటలోపు చెప్పింది, అన్నీ సరిపోయాయి. ఆఖరుదాన్ని సుగుణ తప్పుందేమోనని మళ్ళీ నడిపింది. నేను అడ్డు చెప్పలేదు.

బుధవారం సాయంత్రం గౌరమ్మకి ఫోన్ చేసి, "అబ్బాయిని పంపమ్మా," అని చెప్పాను.